తడి చేతులకు పొడి తువ్వాలు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మెషిన్ల విభాగానికి ఆమె తాత్కాలిక ఇన్‌చార్జ్. ఎదురుగా అందరూ ‘అక్కా’ అంటారు, వెనకాల ‘ప్రెషర్ కుక్కర్’ అంటారు. ఆ ‘తాత్కాలిక’ అన్న ముక్క ఎప్పుడు ఊడుతుందా అని ఆమె కళ్లు కాయలు కాశాయి.

ఈలోగా గుమ్మం పక్కన ఒక పెట్టె బిగించారు. దానిమీద నవ్వే బొమ్మ, మూతి బిగించిన బొమ్మ, ఏడ్చే బొమ్మ. పని వాతావరణం ఎలా ఉందో ఇంటికెళ్తూ ఒకటి నొక్కి చెప్పాలి. నెలాఖరుకి లెక్క బాగుంటే ఆమె పదవి ఖాయం.

తడి చేతులతో ముట్టుకుంటే పెట్టె పాడవుతుందని, ఆవిడే పక్కన నిలబడి నొక్కేది.

“నీకేది నొక్కమంటావే?”

“నవ్వేదే అక్కా.”

అందరిదీ అదే మాట. ఒక్క దొంగ నొక్కుడు కూడా లేదు, ఒట్టు. మేనేజరు నూటికి నూరన్నాడు. ఆవిడ ఇంటికెళ్లి గొప్పగా చెబితే, అదే విభాగంలో పనిచేసే ఆడపడుచు తల దువ్వుకుంటూ పకపకా నవ్వింది.

“నువ్వు ఎదురుగా నిలబడి అడిగితే ఏడుపు బొమ్మ నొక్కమనడానికి మాకేమైనా పిచ్చా వదినా?”

చురుక్కుమంది. మర్నాడు పెట్టె పక్కన పొడి తువ్వాలు వేలాడదీసి, “మీరే నొక్కుకోండి” అని లోపలికి పోయింది. ఇంకేముంది, దాదాపు అన్నీ ఏడుపులే.

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. “ఇలాగైతే మీ పోస్టు కష్టమండీ. మళ్లీ మీరే నొక్కండి.”

ఆవిడకీ మనసు లాగింది, అబద్ధమెందుకు. కానీ ముందు ఆడపడుచుని నిలదీసింది. “అంత పాపం నేనేం చేశానే?”

“పొద్దస్తమానం మా నోటికి తాళమేస్తావు. మెషిన్లు మాత్రం ఎంతైనా వాగొచ్చు.”

మర్నాడు వస్తూనే, “ఊఁ, మాట్లాడుకోండి!” అని గద్దించింది. ఉన్న ఒకటీ అరా గుసగుసలు కూడా ఆగిపోయాయి. ఇక లాభం లేదని తనే మొదలుపెట్టి, మొగుడి గురక ఎలా ఉంటుందో చేసి చూపించింది.

“మా అన్నయ్యనంటే ఊరుకోను!” అని ఆడపడుచు లేచింది. మెషిన్ల చప్పుడు వినపడనంతగా నవ్వారు.

సాయంత్రం తువ్వాలు అక్కడే వేలాడుతోంది. ఆవిడ దూరంగా, పెట్టెకు వీపు పెట్టి దుప్పట్లు సర్దుతోంది. ఏది నొక్కినా ఆ పెట్టె ఒకేలా కుయ్‌మంటుంది. కుయ్‌, కుయ్‌, కుయ్‌. మెడ తిప్పితే చాలు, ఎవరేం నొక్కారో తెలిసిపోతుంది. ఆఖరి మనిషి వెళ్లేదాకా ఆవిడ సర్దిన దుప్పటే మళ్లీ మళ్లీ సర్దింది.