పూడ్చకూడని బెజ్జం

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే రెడ్డిగూడెం నుంచి ఫోనొచ్చింది. మా అమ్మావాళ్ల పక్కింటి బాబాయి పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. నిద్రలోనే పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు. "అయ్యో, ఇంకా చెప్పలేదే" అనిపించింది. ఆయనతో చెప్పాల్సిన ఒక మాట అప్పటికి రెండు నెలలుగా నా గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను, ఇంకెవరున్నారు గనక.

బాబాయి అంటే చుట్టం కాదు. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ, అంతే. ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ మామిడి తోటల్లో కోతకి వెళ్లారు. కోసిన రసాలు సైకిలుకి అటో గంప, ఇటో గంప కట్టుకుని నూజివీడు చేరవేసేవారు. పెళ్లయ్యాక పిన్నిని ముసునూరు నుంచి తెచ్చుకున్నదీ ఆ సైకిలు మీదే. వెనక క్యారియర్ మీద ట్రంకు పెట్టె, ముందు బారు మీద మడిచిన తువ్వాలు, దాని మీద పిన్ని. దారి పొడుగునా ఈయన గడ్డం తన నెత్తికి గుచ్చుకుందని పిన్ని చెప్పి చెప్పి నవ్వేది. బారు కింద నుంచి కాలు దూర్చి నేను తొక్కడం నేర్చుకున్నదీ దాని మీదే. నేను పడితే ఆయన ముందు సైకిలు చూసేవారు, తర్వాత నా మోకాలు. ఉక్రోషంతో అడిగితే, మోకాలు దానంతటదే మానుద్ది, ఇనుముకి మనమే చెయ్యాలి అనేవారు.

ఆటోలొచ్చాక సైకిలు మూలపడింది. చక్రాలొకరు, గొలుసొకరు పట్టుకుపోయారు. పిన్ని పోయేనాటికి మిగిలింది ఒట్టి ఫ్రేము. పాత ఇనుప సామాన్లవాడు బండి ఆపి అడిగితే కసిరి పంపేసేవారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ ఒక్క విషయంలోనే కసిరేవారు.

ఏటా ఆఖరి కోత అయ్యాక, వానలు పడేలోపు దానికి తలంటు. కొబ్బరి పీచు కిరసనాయిల్లో ముంచి తుప్పు రుద్దడం, ఎండలో ఆరబెట్టడం, ట్రాక్టరులోంచి తీసిన పాత ఆయిలు పట్టించడం. బారు మీద మామిడి సొన కారి రంగు కాలిపోయిన మచ్చలుండేవి. వాటికి రెండోసారి పట్టించేవారు. అన్నీ అయ్యాక దబ్బనం తీసుకుని, పెడళ్లుండే చోటి లావుపాటి గొట్టం అడుగున పొడిచేవారు. తర్వాత పాక గోడకి తగిలించేవారు.

"పైకి కనబడే తుప్పుతో భయం లేదమ్మాయ్. లోపల పట్టిందే తినేస్తది" అనేవారు. నేను తలూపేదాన్ని. ఆ దబ్బనం ఎందుకు బాబాయ్ అని ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేది?

రెండేళ్ల కిందట కంటి ఆపరేషన్‌కి కూతురింటికి వెళ్లారు. అదే సమయానికి మేం అమ్మావాళ్ల గేటుకి రంగు వేయిస్తున్నాం. నల్లరంగు మిగిలింది. నా బోడి తెలివి ఊరుకోదు కదా! బాబాయి వచ్చేసరికి ఫ్రేము కొత్తదానిలా మెరిసిపోవాలనుకున్నాను. పెయింటరు దాన్ని తిరగేసి, లావుపాటి గొట్టం అడుగు చూపించాడు.

"ఇక్కడ తుప్పు తిని బొక్కపడిందండీ. లప్పం పెట్టెయ్యనా?"

"పెట్టెయ్యి, కనబడకూడదు" అన్నాను.

బాబాయి వచ్చి ఆ నిగనిగ చూసి మురిసిపోయారు. పెళ్లికొడుకుని చేశావే అన్నారు. రంగు చెడగొట్టడం ఇష్టంలేక ఆ ఏడు పీచు ముట్టుకోలేదు. మరుసటేడూ అంతే. పాక చూరు కారుతూనే ఉంది. సీటు ఊడిన గొట్టంలోంచి నీళ్లు లోపలికి దిగుతూనే ఉన్నాయి.

ఆయన పోవడానికి రెండు నెలల ముందు, దుమ్ము దులుపుదామని కిందికి దించితే, లావుపాటి గొట్టంలోకి దిగే సన్న గొట్టం అప్పడంలా విరిగి ఆయన చేతిలోకొచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఆయన ఆ ముక్కని ఒళ్లో పెట్టుకున్నారు.

"నాదే పొరపాటమ్మాయ్. నీళ్లు పోయే బెజ్జం నేనే పెట్టించా. పొడవడం మర్చిపోయా. మట్టి చేరి మూసుకుపోయుంటది. చేజేతులా చంపుకున్నా."

అప్పుడు తెలిసింది నాకు, ఆ దబ్బనం సంగతి. నేనే పూడ్పించాను బాబాయ్ అనాలి. ఎంతసేపటి పని? మూడు ముక్కలు. నేనన్నది, "పోన్లెండి బాబాయ్, పాతదేగా" అని. సిగ్గులేని నోరు! ఆ తర్వాత రెండుసార్లు ఊరెళ్లాను. ఈసారి చెబుదాంలే అనుకుంటూనే ఆయనిచ్చిన టీ తాగి తిరిగొచ్చేశాను. ఆ తప్పు తనదేనన్న బెంగతోనే పోయారు ఆయన.

కర్మకాండ అయ్యాక వాళ్లమ్మాయి ఆ ఫ్రేము తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్న నీకే ఇమ్మన్నాడక్కా. నువ్వయితే జాగ్రత్తగా చూసుకుంటావన్నాడు."

ఆటోలో నూజివీడులో మా ఇంటికి తెచ్చుకుని బాల్కనీ గోడకి తగిలించాను. దబ్బనంతో గుచ్చితే లప్పం నల్లటి మాత్రలా ఊడొచ్చింది. బెజ్జం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. తుప్పు తిన్న బొక్క అలా ఉండదని ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడు రోజూ పొద్దున దాని కింద గచ్చు మీద చిటికెడు ఎర్రపొడి రాలి ఉంటుంది. పనమ్మాయి చీపురు తెస్తే, అక్కడ వద్దులే అంటున్నాను.