ఎడమ చెయ్యి పట్టుకున్నదెవరు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. గొప్పకి చెప్పడం లేదు. విశాఖపట్నంలో ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, హార్బరు నీళ్లలో మూడు రోజులు నానిన ఒక ఖలాసీ శవాన్ని గుర్తుపట్టడానికి నన్నే పంపారు. చెయ్యి ఎత్తి ఉంగరం చూపించాను. తోలు నా వేళ్ల కింద జారింది. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాను. అలాంటివాణ్ణి.

ఇది డెబ్భైల చివరి మాట. మా మేనమామ కొడుకు సూరిబాబు ఓడల సరుకు దించే కంపెనీలో మేనేజరు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. అతను వన్ టౌన్‌లోని ఒక ఫ్రీమేసన్ లాడ్జిలో, అంటే ఇంగ్లీషువాళ్ల కాలంనాటి రహస్య సంఘంలో, పదేళ్లుగా సభ్యుడు. ఆ వీధివాళ్లు దాన్ని దయ్యాల మేడ అనేవారు. నాకు నవ్వొచ్చేది.

"డాక్టర్లు, లాయర్లు అందరూ వత్తారక్కడ. నీ గురించి నాను పూచీ పడ్డాను బావా, సేరిపో" అన్నాడు.

మాది ఆనందపురం దగ్గర రైతు కుటుంబం. అలాంటి పెద్దమనుషుల పక్కన కూర్చోవాలన్న ఆశ నాకూ ఉంది. సరేనన్నాను.

ఒక శనివారం సాయంత్రం, ఇంకా ఎండ పోకముందే వెళ్లాం. లాడ్జి కాపలాదారు మస్తాన్ భాయ్ నన్ను ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లాడు. కోటు, వాచీ, ఉంగరం తీయించాడు. చొక్కా ఎడమ వైపు విప్పి, ఎడమ కాలి పాంటు మోకాలి పైకి మడిచాడు. మెడలో తాడు వేసి కళ్లకు గంతలు కట్టాడు. అదంతా పాత ఆనవాయితీ అని, ఏం జరిగినా కంగారు పడొద్దని బావ ముందే చెప్పి ఉంచాడు.

హాల్లోకి వెళ్లగానే ఒకాయన నా కుడి చెయ్యి పట్టుకున్నాడు. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి, పొడిగా ఉంది. నాలుగడుగులు వేశాక ఎడమ చెయ్యి కూడా ఎవరో పట్టుకున్నారు.

దానికి గ్లవ్ లేదు. తడిగా ఉంది. చల్లగా, మెత్తగా, గంపలో మిగిలిపోయిన చేపలా ఉంది. గట్టిగా పట్టుకున్నప్పుడల్లా దాని తోలు ఎముక మీద అటూ ఇటూ కదులుతోంది. ఆ కదలిక నాకు తెలుసు. ఒకసారి పట్టుకున్నదే.

నా ధైర్యానికి ఏదో పరీక్ష పెడుతున్నారనుకున్నాను. పెద్దమనుషులు ఇంత అసహ్యమైన పని చేస్తారా అని ఒళ్లు మండింది. చెయ్యి విదిలించుకోబోయాను. ఆగిపోయాను. బావ పరువు పోతుందని.

హాలు చుట్టూ తిప్పారు. చివర మోకాలి మీద కూర్చోబెట్టి, కుడి చెయ్యి భగవద్గీత మీద పెట్టించి, ఎడమ చేతికి వృత్తాలు గీసే కంపాస్ ఒకటి ఇచ్చి, గుండెకి ఆనించి ప్రమాణం చెయ్యమన్నారు. అప్పుడు వదిలింది ఆ చెయ్యి. వదిలేటప్పుడు ఏదో చిరిగినట్టు చిన్న చప్పుడు.

గంతలు విప్పారు. నా ఎడమ పక్కన ఎవరూ లేరు. కానీ నా బొటనవేలికీ కంపాస్‌కీ మధ్య తెల్లటి తోలు ముక్క ఒకటి అతుక్కుని ఉంది. నా ముందు నిలబడ్డ లాడ్జి అధ్యక్షుడు దాన్ని చూశాడు. జేబురుమాలు తీసి తుడిచేశాడు. మడిచి జేబులో పెట్టుకుని, ప్రమాణంలో తర్వాతి వాక్యం చదివాడు.

తర్వాత అక్కడే పెట్టిన విందులో మటన్ ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. బయటికొచ్చి మస్తాన్ భాయ్‌ని అడిగాను, నా ఎడమ పక్కన నడిచింది ఎవరని.

ఆయన గంతల గుడ్డ మడతపెట్టడం ఆపలేదు. "ఎడం పక్కన ఎవులూ ఉండరు సాబ్. కుడి పక్కనే" అన్నాడు.

ఇంట్లో మా ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఏటండీ ఈ కంపు, ఎక్కడికెళ్లారు?" అంది. ఎడమ చేతిని కుంకుడురసంతో కడిగాను, చింతపండుతో తోమాను, కిరసనాయిలు కూడా రాశాను. వారం దాటినా పోలేదు. పాపని ఎత్తుకోబోతే ఏడ్చేది.

మరుసటి నెల ఇంకొకాయన్ని చేర్చుకున్నారు. ఈసారి నేను సభ్యుల వరుసలో కూర్చుని చూశాను. గంతలు కట్టిన ఆయన్ని కుడి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. ఎడమ పక్క ఖాళీ. కానీ ఆయన ఎడమ చెయ్యి గాల్లో కొంచెం ఎత్తుగా ఉంది. వేళ్లు ఒకదానికొకటి నొక్కుకుపోయి తెల్లబడ్డాయి. ఆ వేళ్ల కింద, నలుపు తెలుపు గళ్ల నేల మీద, నీళ్ల బొట్లు పడుతున్నాయి.

నేను తల తిప్పి మిగతావాళ్లని చూశాను. అందరూ పైకప్పు కేసి చూస్తున్నారు. డాక్టరు, లాయరు, మా బావ, అందరూ. అందరికీ తెలుసు. తెలిసే మనుషుల్ని తెస్తున్నారు. ఆ చెయ్యి కంటే అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

కానీ నేనూ లేచి అరవలేదు. కూర్చునే ఉన్నాను. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆ రోజుతో లాడ్జి మానేశాను. బావతో మాటలూ తగ్గిపోయాయి.

చాలా ఏళ్లకి, ఎనభైల చివర్లో, బావకి కిడ్నీలు పాడైతే చూడ్డానికి వెళ్లాను. గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "తెలిసి కూడా ఆ కుళ్లిన చేతికి నన్నెందుకు అప్పగించావు బావా?"

బావ కళ్లు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నీకంటే పదేళ్ల ముందు నన్ను పట్టుకున్నప్పుడు అలా నేదు బావా. ఎచ్చగా ఉండీది. బతికున్న మనిషి సెయ్యే."

బావ చావు మంచం మీద అబద్ధమాడే మనిషి కాదు. ఆ చెయ్యి ఎవరిదో, మా పక్కన ఎందుకు నడిచిందో నాకు ఇప్పటికీ తెలీదు. నా తర్వాత చేరినవాళ్ల చేతికి ఏం తగిలి ఉంటుందో అని మాత్రం ఆలోచించలేను.