ఆయన చిత్తం, మన ఇష్టం, మా వాత్తియారు

బస్సు కోవిల్‌పట్టిలోకి తిరిగేసరికి కిటికీలోంచి బెల్లం పాకం వాసన గుప్పున ముఖానికి తగిలింది. ఏదో కొట్టులో వేరుశనగ మిఠాయికి పాకం పడుతున్నారు. నోట్లో తీపి ఊరేలోపే నాకు దానియేలు వాత్తియారి నవ్వు గుర్తుకొచ్చింది. ఇక్కడ మేమంతా మాస్టారిని వాత్తియారనే అంటాం. ఆయన పోయి కొన్నేళ్లయింది. విరుదునగర్‌లో బడిపంతులమ్మగా స్థిరపడిన నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా, అమ్మానాన్నల ముఖాలకంటే ముందు ఆ నవ్వే ఎదురొస్తుంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఈ మిఠాయి ముక్కలు పెట్టుకునేవారు. జవాబు చెప్పిన పిల్లలకు కాదు, ప్రశ్న అడిగిన పిల్లలకు ఇచ్చేవారు.

మా ఇల్లు ఆయన ఇంటి పక్క సందులో ఉండేది. మా నాయన యాకోబు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇంట్లో మాది తెలుగు, గడప దాటితే అరవం. చర్చిలో పాటలూ ప్రసంగమూ అరవంలోనే. వాత్తియారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక తెలుగు ఇళ్ల పిల్లల్ని తన వసారాలో కూర్చోబెట్టి వేదంలోని, అంటే బైబిల్లోని, కథలు చెప్పేవారు. ‘ఇంటి మాటలో చెప్తే ఆండవరికి కూడా తొందరగా ఇనిపిస్తాది’ అని కన్నుగీటేవారు. ఆండవరంటే ప్రభువు.

ఒక ఆదివారం ఐగుప్తు రాజు కథ చెబుతున్నారు. నాకు ఉండబట్టలేదు. “దేవుడే ఆ రాజు గుండెను రాయి చేసినాడంటిరే అయ్యా, మళ్లా ఆ రాజునే ఏంటికి దండించినాడు?” అన్నాను. వెనక కూర్చున్న అక్క ఒకామె నా వీపు మీద గిల్లింది. వాత్తియారు మాత్రం పొట్ట కదిలేలా నవ్వి, లోపలున్న భార్యను కేకేశారు. “ఏమే సారా, ఇట్లా రా! యాకోబు కూతురు రూతు ఏమడిగిందో ఇను!”

సారత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాచేత మళ్లీ అడిగించారు. అప్పుడు నా పక్కన చాప మీద కూర్చుని నెమ్మదిగా చెప్పారు. “ఆ కథలోనే ఇంకో చోట, రాజు తన గుండెను తానే రాయి చేసుకున్నాడనీ ఉండాది పిల్లా. రెండూ ఉండాయి. ఒకటి చింపి పారేస్తే కథ సులువైపోతాది. చింపేదానికి నాకు ధైర్యం లేదు.”

“మరి రెండూ ఎట్లా నిజమైతాయి?”

“నాకూ తెలీదు. తెలిసినోళ్లు ఎవరన్నా నీకు ఎదురుపడితే నన్నూ పిలువు. ఇద్దరం పోయి ఇందాం.”

ఆ రోజు నాకు రెండు మిఠాయి ముక్కలు దొరికాయి. తెలియదన్న మాటను ఒక పెద్దమనిషి అంత సంబరంగా చెప్పగలడని నేను అంతకుముందు ఎరగను. మా ఇంట్లో దేవుడి మాట వస్తే గొంతులు తగ్గిపోయేవి. నాయన పడుచుతనంలో తన తలంపు ప్రకారం ఊరు వదిలి వెళ్లి, బాగా దెబ్బతిని తిరిగొచ్చాడట. అప్పటినుంచి చిన్న పనికైనా దేవుడి చిత్తమేమిటో గుర్తు కనబడితే తప్ప అడుగు వేసేవాడు కాదు. అది భక్తే, కాదనను. కానీ అందులో భయం పాలు ఎక్కువని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ భయం నా చదువుకు అడ్డొచ్చింది. పన్నెండో తరగతి అయ్యాక విరుదునగర్ కాలేజీలో సీటూ, హాస్టల్లో చోటూ దొరికాయి. చేరే గడువు దగ్గరపడుతున్నా నాయన అవుననడు, కాదనడు. చివరికి చీటీలు వేద్దామన్నాడు. ఒకదాని మీద ‘పో’, ఇంకోదాని మీద ‘వద్దు’. ప్రార్థన చేసి, అభం శుభం తెలియని బిడ్డచేత తీయించడం. ప్రార్థనకు వాత్తియారినీ సారత్తనూ పిలిచాడు. వాళ్లు అప్పుడప్పుడే పళ్లు వస్తున్న మనవరాలిని చంకనేసుకుని వచ్చారు.

ప్రార్థన అయింది. నాయన మడిచిన చీటీలను పళ్లెంలో వేసి బిడ్డ ముందు పెట్టాడు. బిడ్డ ఒక చీటీ అందుకుంది, అటూ ఇటూ చూసింది, నోట్లో పెట్టుకుంది. సారత్త వేలు పెట్టి తీసేలోపే గుటుక్కుమంది.

“అయ్యో, మింగేసినాది!”

నాయన ముఖం పాలిపోయింది. “ఇదేమి గురుతు వాత్తియారయ్యా?”

వాత్తియారు గోడకు చేరగిలబడి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. “యాకోబూ, నువ్వే చెప్పు. దీనిచేత ఆండవరు మింగించినాడా, ఇదే తానుగా మింగినాదా?”

నాయన మిగిలిన చీటీ వైపు చెయ్యి చాచాడు. అది విప్పితే మింగింది ఏదో తెలిసిపోతుంది. ఇంతలో, వంటగది గడపలో నిలబడి ఉన్న అమ్మ గబగబా వచ్చి, ఆ చీటీ తీసుకుని విప్పకుండానే పొయ్యిలో వేసేసింది. నాయన మాటకు అమ్మ ఎదురు చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం.

“కూతురికి నోరుండాది. దాన్ని అడగండి,” అంది.

నాయన నా వైపు తిరిగాడు. “నీకు పోవాలని ఉండాదా?”

ఆ ఇంట్లో ఎవరూ నన్ను అంతవరకు అడగని ప్రశ్న అది. “ఉండాది నాయనా. రొంబ, శానా ఉండాది. చదివి పంతులమ్మ కావాలని ఉండాది.”

“ఇది మన ఇష్టం కదా. మరి ఆయన ఇష్టం?” అన్నాడు వాత్తియారి వైపు తిరిగి. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే దిక్కు తోచనితనం ఉంది.

వాత్తియారు నవ్వు ఆపి నాయన భుజం మీద చెయ్యి వేశారు. “మనకంటూ ఒక ఇష్టం ఉండాలనేది కూడా ఆయన ఇష్టమే యాకోబూ. బొమ్మల చేత దండం పెట్టించుకునేదానికి ఆయనకు మనమెందుకు?”

బిడ్డ పళ్లెంలో రెండో చీటీ కోసం తడుముకుంటోంది. అది చూసి నాయన పెదవులు ముందు వణికాయి, తర్వాత విచ్చుకున్నాయి. అందరం నవ్వాం.

నన్ను చేర్చడానికి నాయనతోపాటు వాత్తియారూ వచ్చారు. సాత్తూరు దాటాక బస్సు ఆగిపోయింది. దిగి తొయ్యమన్నాడు కండక్టరు. నాయన నా పెట్టె పట్టుకుని పక్కన నిలబడి, “దేవుడు నడిపిస్తాడు” అని గొణుక్కుంటున్నాడు. వాత్తియారు పంచె ఎగ్గట్టి, “నడిపిస్తాడు, నువ్వు రా, తొయ్యి!” అని అరిచారు. పెట్టె నాకిచ్చి నాయన కూడా భుజం ఆనించాడు. నల్లరేగడి చేల మధ్య బస్సు దగ్గి, పొగ వదిలి, కదిలింది. దాని వెనకాల చెప్పులు జారిపోతుంటే చిన్నపిల్లాడిలా నవ్వుతూ పరిగెత్తిన మా నాయన, నాకు అంతకుముందు తెలిసిన మనిషి కాదు. విరుదునగర్‌లో ముగ్గురం కడుపారా నూనె పరోటా తిన్నాం.

చాలా ఏళ్ల తర్వాత సారత్త పోయింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లలో ఒకరు, “దేవుడి చిత్తం అయ్యా, ఏడవకూడదు” అన్నారు. వాత్తియారు తలెత్తి, “చిత్తం ఆయనది, ఏడుపు నాది. నా ఏడుపుతో ఆయనకు ఇబ్బంది లేదు, మీకేంటికి?” అన్నారు. కసిరినట్టు కాదు, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. తర్వాత నా చెయ్యి పట్టుకుని తనివితీరా ఏడ్చారు.

మా సంఘంలో పిల్లలు పెద్దయ్యాక, ‘ఇది నా విశ్వాసం’ అని సభ ముందు తామే నిలబడి చెప్పే రోజు ఒకటుంది. నిరుడు మా అమ్మాయి మెర్సీ, “నాకింకా తెలీడం లేదమ్మా” అంది. దాని తోటివాళ్లందరూ నిలబడ్డారు. “పేరిచ్చెయ్యి, పిల్లదాన్ని అడిగేదేంటి?” అని మా అత్తగారు నొచ్చుకున్నారు. నేను ఇవ్వలేదు. అది ఎన్నటికీ నిలబడకపోతే అన్న భయం లేకపోలేదు. ఆ ఏడాదంతా దేవుణ్ని వదల్లేదు, పిల్లను తొందరపెట్టలేదు. ఈ రెండూ ఒకేసారి చెయ్యొచ్చని నాకు నేర్పింది వాత్తియారే. ఆయన దగ్గర్నుంచి నేను ఇప్పటికీ మోసుకు తిరుగుతున్నది అదే.

పోయిన నెల ఒక ఉదయం ఇడ్లీ తింటూ, తల ఎత్తకుండానే అంది మెర్సీ. “అమ్మా, ఈసారి నేను నిలుచుకుంటా.”

“సరే కన్నా” అన్నాను. దాని కంచంలో ఇంకో రెండు ఇడ్లీలు వేశాను. “చాలమ్మా, చాలు!” అని అరిచింది. ఆ ఒక్క విషయంలో మాత్రం దాని ఇష్టం అడగలేదు.