ఓబుళేశప్ప లైవ్ ఆల్బమ్

నిన్న గోరుచిక్కుళ్ళు తుంచుతూ ఫోన్‌లో పాటలు పెట్టుకుంటే, మా ఆల్బమ్ వచ్చింది. ముందు బేస్ గిటార్ మోత, దాని వెనక స్టీలు పళ్ళేల చప్పుడు, ఆ తరవాత నా గొంతు. వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ గిటార్ ఓబుళేశప్పది. దోణిమలై గనిలో లారీలు బాగుచేసే మెకానిక్. సోల్, ఫంక్ అనే అమెరికా నల్లజాతి సంగీతమంటే ఆయనకు ప్రాణం. అవేమిటని అడిగితే, "సోల్ అంటే కడుపులోంచి వచ్చేది. ఫంక్ అంటే నడుమును నిలవనీనిది. అంతే" అనేవాడు. టౌన్‌షిప్‌లో నలుగురిని పోగేసి బ్యాండు కట్టాడు. కొత్తగా చేరిన లెక్కల టీచర్ని నేను. బడిలో ప్రార్థన పాడుతుంటే విని, గాయనిగా తీసుకున్నాడు. నాకేమో తప్పంటే వణుకు. ఒక్క మాట తడబడినా ఆపేసి మొదటినుంచి ఎత్తుకునేదాన్ని.

"యాలమ్మా ఆపుతావు టీచరమ్మా? తప్పును గూడా తాళంలో పాడు!"

ఆల్బమ్ చేద్దామన్నప్పుడు స్టూడియో వద్దన్నది ఆయనే. "ఈయమ్మ ఆడ నూరుసార్లు ఆపుతాది. జనం ముందర పెడదాం." అలా తారానగర్‌లో ఒక పెళ్ళి పందిట్లో, పట్టపగలు, ఒక్కరోజుకు అద్దెకు తెచ్చిన పరికరాలతో రికార్డింగ్ మొదలైంది.

మూడో పాట మధ్యలో పెళ్ళికూతురి మేనమామ వేదికెక్కి, నా చేతిలో మైకు లాక్కుని, భోజనం సిద్ధం, అందరూ రండని కన్నడంలో పిలిచాడు: "ఊట రెడి ఐతి, ఎల్లారూ బర్రి!"

జనమంతా ఒక్కసారిగా లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. మైకు తిరిగి నా చేతికొచ్చింది గానీ, పాటలో ఒక్క మాటా గుర్తు రాలేదు. ఆపమని చెయ్యెత్తాను. ఓబుళేశప్ప గుడ్లురిమి, తీగలు ఇంకా గట్టిగా మీటుతూ, అదే తాళంలో అరిచాడు: "ఊట రెడీ!" డ్రమ్స్ కుర్రాడు అందుకున్నాడు: "బర్రి బర్రి!"

"టీచరమ్మా, ఏమేముండాది?" అని రాగంలోనే అడిగాడు ఓబుళేశప్ప.

నాకేం తెలుసు? పక్కన గరిటెతో నిలబడ్డ వంటాయన "హోళిగె!" అని కేకేశాడు, బొబ్బట్లన్నమాట. "హోళిగె ఉండాదీ..." అని గొంతెత్తాను. "చిత్రాన్నం!" అదీ పాడాను. వెళ్ళినవాళ్ళు పళ్ళేలతో వెనక్కొచ్చి, వాటినే వాయిస్తూ నిలబడ్డారు. సాంబారు దాకా పాడితేగాని వదల్లేదు.

"ఆ ముక్క కోసేద్దామా?" అన్నాడు రికార్డింగ్ అతను.

"కోస్తే ఏం మిగులుతాదప్పా?" అన్నాడు ఓబుళేశప్ప. " లైవ్ అంటే బతికుండేది. బతికుండేటోళ్ళకు ఆకలైతాది."

మేనమామ ఊరుకోలేదు. తానూ పాడినట్టేనని, అట్టమీద తన పేరు వేయమని పట్టుబట్టాడు. ఓబుళేశప్ప వేశాడు, అదీ నా పేరుకంటే పైన. నాలుగు రోజులు నేను ఓబుళేశప్పతో మాట్లాడలేదు.

ఆయన పోయి రెండేళ్ళు. నేనిప్పుడు హచ్చొళ్ళి బళ్ళో చెబుతున్నాను. పోయిన నెల తనిఖీ అధికారి వెనక బెంచీలో కూర్చుని ఉండగా, బోర్డుమీద లెక్క తప్పాను. ఒకప్పుడైతే మొత్తం తుడిచేసేదాన్ని. ఈసారి డస్టర్ ముట్టుకోలేదు.

"తప్పినాను. యాడ తప్పినానో చెప్పండి" అన్నాను. పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. ఉత్సాహం ఆగక అధికారి కూడా లేచి, తప్పు ఇక్కడంటూ ఒక వరుస చూపించాడు.

ఆయన చూపించిందీ తప్పే. నేను మాత్రం పాఠం ఆపలేదు.