మేడమ్‌ను ఎవరూ అడగలేదు

మొన్న మంగళవారం పొద్దున కాజీపేట నుంచి ఫోన్. "అక్కా, అమ్మ పోయింది" అంది మేడమ్ కూతురు. అంతే. నేను స్టవ్ ఆపి, ఏం చేయాలో తోచక మళ్లీ వెలిగించాను.

మేడమ్ మా దినపత్రిక వరంగల్ ఎడిషన్‌లో ఇరవై ఏళ్లకు పైగా జిల్లా వార్తలు దిద్దారు. నాకు హెడ్డింగ్ పెట్టడం నేర్పింది ఆమే. ఆమె దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు మగవాళ్లు ఎడిషన్ ఇన్‌చార్జిలయ్యారు. ఆమె సబ్ ఎడిటర్‌గానే రిటైరయ్యారు.

పరకాల విలేకరి ఫోన్ చేసి, "సార్‌కు ఇయ్యుండ్రి మేడమ్, అర్జెంటు" అనేవాడు. "సార్ చాయ్ తాగుతాండు. నాకు చెప్తె వార్త చల్లారుతదా?" అనేవారు, అప్పటికే పెన్ను మూత తీసి. విశేషణాలంటే ఆమెకు పడదు. ఎవరైనా పోయిన వార్త రాసి తెస్తే సగం కొట్టేసి, "పూలు జర తగ్గియ్యి పిల్లా, మనిషి మొఖం కనబడాలె" అనేవారు. ఇది రాస్తూ నేనూ కొట్టేస్తూనే ఉన్నాను.

ఒకసారి ఇన్‌చార్జి బదిలీ అయి, నాలుగు నెలలు ఎడిషన్ మొత్తం ఆమే నడిపారు. తర్వాత హెడ్డాఫీసు నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. ముగ్గురూ మగవాళ్లే. మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. "ఇన్‌చార్జి పోస్టు మేడమ్‌కు ఇస్తే ఎట్లుంటది?" అని నన్నడిగారు.

"మంచిగ చేస్తరు సార్. కాకపోతే అత్తమ్మ మంచంల ఉన్నరు, మేడమ్‌కు కష్టమైతదేమో" అన్నాను. ప్రేమతోనే అన్నాననుకుంటాను. మొదటి మాట ఎవరూ రాసుకోలేదు. రెండోది రాసుకున్నారు. వారం తిరక్కుండా హైదరాబాద్ నుంచి ఒకాయన ఇన్‌చార్జిగా వచ్చాడు. ఆయన తండ్రీ మంచంలోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆమె రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం వెళ్లి, ఆ రోజు లోపల ఏమన్నానో ఒప్పుకున్నాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "నాకు అప్పుడే తెలుసు పిల్లా" అన్నారు.

"కోపం రాలేదా మేడమ్?"

"ఎందుకు రాదు? నాతోని కాకపోతె నేనే వద్దంటుంటి. నా వద్దు గూడ మీరే చెప్పిండ్రు."

తర్వాత లేచి చాయ్ పెట్టారు. క్షమించారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అంత్యక్రియలకు ఇన్‌చార్జిలైన ఆ ముగ్గురు శిష్యులూ వచ్చారు. ఒకతను ఇప్పుడు హెడ్డాఫీసులో పెద్ద పోస్టులో ఉన్నాడు. నన్ను పక్కకు పిలిచాడు. మా ఇన్‌చార్జి పోస్టు మళ్లీ ఖాళీగా ఉంది. నాకిస్తామంటే నిరుడే వద్దన్నాను, అలసిపోయి. ఆ వద్దు నాదేనా అని అప్పుడప్పుడు అనుమానం.

"మీ డెస్కుల ఆ ములుగు అమ్మాయి పనిమంతురాలే. కానీ చంటిబిడ్డ ఉంది గద, చేస్తదంటవా అక్కా?"

పాత మాటే నోటిదాకా వచ్చింది. పాపం, కష్టమైతదేమో అని. మింగేశాను. "నన్నెందుకు అడుగుతవు తమ్మీ, ఆమెను అడుగు."

"అడుగుదాం తియ్యి" అని ఫోన్ చూసుకున్నాడు.

అడుగుతాడన్న నమ్మకం లేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. విషయం చెప్పి, "నీకు కావాల్నా?" అనడిగాను. వెనక బిడ్డ ఏడుస్తోంది, ఎవరో ఊరుకోబెడుతున్నారు. తర్వాత తలుపు దగ్గరగా వేసిన చప్పుడు.

"ఇప్పుడు చెప్పుండ్రి మేడమ్" అంది.