మా గిటార్‌కి పదును పెట్టిన రోజులు

సత్తెనపల్లిలో ఎవరో ఆర్కెస్ట్రా ఎత్తేసి సామాన్లు అమ్ముతున్నారని తెలిసి, మా ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళి గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే ఆంప్ కొనుక్కొచ్చారు. ఆయన కరెంటాఫీసులో పని చేస్తారు. వైర్లూ స్విచ్చులూ ఉన్న వస్తువేదైనా ఆయన కంటికి బంగారమే. నేను నరసరావుపేటలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. చదువుకునే రోజుల్లో హాస్టల్లో గిటార్ నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఎలక్ట్రిక్ గిటార్ కూడా కొనుక్కున్నాను గానీ, దాన్ని ఫోనుకు తగిలించి నా చెవుల్లో నేనే వినడం తప్ప, నలుగురికీ వినబడేలా ఎప్పుడూ వాయించలేదు. అందుకే ఆ నల్ల పెట్టెను ఆటోలోంచి దింపుతుంటే నాకు చిన్నపిల్లలా గెంతాలనిపించింది.

హాల్లో గోడవారగా పెట్టి, ప్లగ్గు గుచ్చి, ఒక్కసారి తీగలన్నీ మీటాను. శబ్దం పెద్దగానే వచ్చింది. కానీ మందంగా, బొంగురుగా, గొంతులో కఫం అడ్డం పడ్డట్టు వచ్చింది. సన్నటి శబ్దాలను పెంచే ట్రెబుల్ గుండీని తిరిగినంత మేరా తిప్పాను. ఏమీ మారలేదు. ఏ గరగరా కలపకుండా తీగ మోగినట్టే మోగించడాన్ని క్లీన్ టోన్ అంటారు. నాకు కావలసింది అదే. ఈ పెట్టెలో ఆ టోన్ ఉంది గానీ, దానికి వెలుగు లేదు.

వంటింట్లోంచి మా అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందమ్మాయ్ అది? మెత్తగా ఉడికిపోయిన బెండకాయ నమిలినట్టుంది. కరకరే లేదు."

మా అత్తయ్యది దుర్గి దగ్గర పల్లె. వయసులో ఉండగా పత్తి తీతకు వెళ్ళినా, మిరప కోతకు వెళ్ళినా పాట ఎత్తుకునేది ఆమేనట. ఇప్పటికీ మా వీధిలో సీమంతమైనా, పుష్పవతి ఫంక్షనైనా ఆమె గొంతు లేనిదే మొదలవదు. శ్రుతి తప్పితే ఠక్కున పట్టేస్తుంది. కాబట్టి ఆమె బెండకాయ అన్నదంటే అది బెండకాయే. పైగా నాకూ అలాగే అనిపించింది.

మా ఆయన అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డారు. "స్పీకర్ మార్చేద్దాం. అరగంట పని."

"మీరు దాన్ని విప్పారంటే మళ్ళీ పెట్టెగా చూడలేం," అని నేను దాని ముందు అడ్డంగా కూర్చున్నాను.

హాస్టల్లో నాతో పాటు గిటార్ నేర్చుకున్న స్నేహితురాలికి ఫోన్ చేస్తే, ఆంప్ జోలికి వెళ్ళొద్దనీ, ముందు ఒక పెడల్ కొనమనీ చెప్పింది. పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనప డబ్బా. గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య తగిలిస్తే, శబ్దం దాని గుండా వెళ్ళి రూపం మార్చుకుని బయటికొస్తుంది. నేను ఈక్వలైజర్ పెడల్ తెప్పించాను. దాని మీద వరసగా చిన్న మీటలుంటాయి. ఒక చివర మీట బరువైన శబ్దాలది, రెండో చివర మీట సన్నటి శబ్దాలది. పైకి జరిపితే పెరుగుతాయి, కిందికి జరిపితే తగ్గుతాయి.

పార్సిల్ విప్పుతుంటే అత్తయ్య తొంగిచూసింది. "కాలితో తొక్కేదా? కుట్టుమిషనుకు లాగానా?"

"అట్లాంటిదే అత్తయ్యా. ఇది పాటను కుడుతుంది."

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. సన్నటి శబ్దాల మీటను ఒక్కసారిగా పైకి నెట్టాను. బొంగురు అలాగే ఉంది, దాని మీద బుస్సుమనే చప్పుడు మాత్రం వచ్చి చేరింది. దాన్ని మళ్ళీ మధ్యకు తెచ్చేసి, ఎందుకో రెండో వైపుకు వెళ్ళి, బరువైన శబ్దాల మీటను కొంచెం దించాను. దించీ దించగానే తీగలు విడివిడిగా వినిపించాయి. సన్నటిదాన్ని పెంచినప్పుడు రాని వెలుగు, బరువైనదాన్ని తగ్గిస్తే వచ్చింది. నాకు నవ్వాగలేదు. ఒకే స్వరాలు మళ్ళీ మళ్ళీ మీటుతూ కూర్చున్నాను.

"ఎట్టా ఉంది అత్తయ్యా?"

ఆంప్ ఎదురుగా తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నది. "నయమే. కానీ ఇంకా మబ్బు పట్టినట్టే ఉంది. ఇంకొంచెం పదును పెట్టు."

సన్నటి శబ్దాల మీట కొంచెం పైకి జరిపాను. "ఇంకొంచెం," అన్నది. ఇంకొంచెం జరిపాను. "ఆ, వస్తంది, వస్తంది. ఇంకాస్త."

ఆ మీట పై అంచు దాకా వెళ్ళిపోయింది. అయినా ఆమెకు చాలలేదు. అప్పుడు బూస్టర్ అనే ఇంకో పెడల్ తెప్పించాను. సన్నటి శబ్దాలను ముందుకు తోసి, మొత్తం ధ్వనిని ఒక మెట్టు పైకెత్తడం దాని పని. ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా హాల్లో ఇదే కార్యక్రమం. నేను నిలబడి వాయించేదాన్ని. ఆమె కుర్చీలోంచి వంటింటి భాషలో తీర్పులు చెప్పేది. "ఉప్పు చాల్లేదు." "ఇది చప్పటి మజ్జిగలాగుంది." "ఆ, ఇప్పుడు తాలింపు చిటపటమంది!" నేను ఉప్పునీ తాలింపునీ మీటల్లోకి మార్చుకుంటూ పోయాను. ఆమె గొంతు కలిపేది కూడా. పత్తి చేలో పాడుకున్న పాటలకు గిటార్ మీద స్వరాలు వెతకడం ఎంత సరదాగా ఉండేదో చెప్పలేను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మేమిద్దరం అంతసేపు కలిసి కూర్చున్నది ఆ ఆదివారాల్లోనే.

అంత పదును పెడుతూ కూడా అది మితిమీరిందని నాకెందుకు తెలియలేదంటే, ఆంప్ నేల మీద ఉండేది, నేను దాని పక్కన నిలబడేదాన్ని. సన్నటి శబ్దం టార్చిలైటు వెలుగు లాంటిది. ఎటు తిప్పితే అటే తిన్నగా పోతుంది. ఆ వెలుగంతా కుర్చీలో ఉన్న అత్తయ్య మీదికి పోయేది, నాకు పక్కన పడే నీడ మాత్రమే అందేది.

ఇంతలో ఎదురింటి వదిన తన కూతురి సీమంతానికి మమ్మల్ని పిలిచింది. "పిన్నీ, నువ్వు పాడాలి, నీ కోడలు గిటార్ కొట్టాలి," అని అత్తయ్య చేతులు పట్టుకుంది. మేము మూడు పాటలు సిద్ధం చేసుకున్నాం.

ఆ రోజు వాళ్ళ హాలు నిండా ఆడవాళ్ళు. కనబడాలని మా ఆయన ఆంప్‌ని బల్ల మీద పెట్టారు. అంటే స్పీకరు సరిగ్గా ముందు వరస వాళ్ళ చెవుల ఎత్తులో ఉంది. చేతినిండా గాజులతో, కొత్త చీరలో అమ్మాయి కుర్చీలో కూర్చుంది. నేను రెండు పెడళ్ళూ నొక్కి మొదటి స్వరం మీటాను.

ముందు వరస మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడింది. ఒకావిడ చేతిలో పసుపు పళ్ళెం ఊగింది. వినుకొండ నుంచి వచ్చిన పెద్దావిడ దవడ పట్టుకుని, "అమ్మో, పళ్ళు జివ్వుమన్నయ్యే!" అన్నది. సీమంతం అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని, నాకేసి చూస్తూ పడీ పడీ నవ్వుతోంది. "అత్తా, లోపల బుడ్డోడు తన్నాడు! మేలుకున్నట్టున్నాడు!"

నేను కంగారుగా అత్తయ్య వైపు చూశాను. ఆమె నాలుగడుగుల దూరంలో ప్రశాంతంగా తల ఊపుతోంది.

"బానే ఉందిగా? ఇంకొంచెం పదును పెట్టమ్మాయ్!"

అందరూ ఆమెనే చూశారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో అందరూ నవ్వేశారు. ఏం జరిగిందో తెలియకపోయినా అత్తయ్య కూడా నవ్వింది.

నేను గిటార్ వైరు లాగుతూ ఆంప్ ఎదురుగా వచ్చి నిలబడి, ఇంకోసారి మీటి చూశాను. చెవిలో సూది దిగినట్టయింది. వెంటనే బూస్టర్ ఆపేశాను. ఈక్వలైజర్ మీటను దాదాపు సగానికి దించాను. మళ్ళీ మీటితే తీగలు గాజుల్లా గలగలమన్నాయి. వినుకొండ ఆవిడ దవడ వదిలేసింది. "ఆ, ఇది వినబుద్ధవుతంది," అన్నది. అత్తయ్య పాట ఎత్తుకుంది. మూడు పాటలనుకున్నవి ఆరయ్యాయి.

ఇంటికొచ్చాక నేను మా ఆయనతో మెల్లగా అన్నాను. "అత్తయ్య చెవులు ఒకసారి చూపిద్దామండీ."

అత్తయ్య పక్క గదిలోంచి, "ఏందిరా, ఏందంటంది?" అనడిగింది. అది చాలు మాకు.

ఆస్పత్రుల వీధిలో చెవి డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, "అమ్మా, వినికిడికేం కాలేదు. గుమిలి గడ్డకట్టి రెండు చెవులకీ బిరడా పడింది. ఇన్నాళ్ళూ ఎట్లా విన్నారు?" అన్నది. చుక్కల మందు రాసిచ్చి, కొన్ని రోజులయ్యాక మళ్ళీ పిలిపించి, నీళ్ళతో కడిగి తీసేసింది.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడగానే అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ ఆటోలోళ్ళు ఎందుకట్టా అరుస్తన్నారే? ఏమైనా గొడవైందా?"

"ఏం లేదు అత్తయ్యా. రోజూ ఇంతే."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె కొడుకును చాలాసేపు చూసి, "ఒరేయ్, అప్పడం తింటే ఇంత చప్పుడు చేస్తావా నువ్వు? పాపం, ఇది ఎట్టా భరిస్తందిరా?" అన్నది. ఆయన మిగిలిన అప్పడాన్ని అన్నంలో నానబెట్టుకుని తిన్నారు.

తర్వాతి ఆదివారం అన్ని మీటలనూ మధ్యకు తెచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఆంప్‌ని కుర్చీ మీద పెట్టి, నేనూ ఎదురుగా కూర్చున్నాను. బరువైనది కొంచెం దించాను. సన్నటిది గోరంత పెంచాను. "ఆగు, ఆగు," అంటూ అత్తయ్య చెయ్యెత్తింది. "మొన్న సీమంతంలో పాపం వాళ్ళనెంత హింస పెట్టినవే! ఇదుగో, ఇక్కడే ఉంచు. చానా బాగుంది." తర్వాత బూస్టర్‌ని చూపించి, "మరి దాన్నేం చేస్తావ్?" అనడిగింది.

"పక్కన పెట్టేస్తా."

"వద్దు. దాని నోరు కూడా కాస్త తగ్గించి పెట్టు. పాట పైకి లేచే కాడ నేను తొక్కుతా."

అప్పటినుంచీ అదే పద్ధతి. నేను వాయిస్తాను, ఆమె పక్కన కుర్చీలో కూర్చుని పాడుతుంది. చరణం అయిపోయి పల్లవికి మళ్ళే చోట, మెట్టెలున్న కాలు ముందుకు చాపి, బొటనవేలితో టక్కున నొక్కుతుంది. ఒక్కోసారి పాట పారవశ్యంలో మళ్ళీ నొక్కి ఆపడం మర్చిపోతుంది. నేను తీగ మీదే చెయ్యి తేలిక చేసుకుని సర్దుకుంటాను.