టక్ అనని కెమెరా

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాయమంటే ఒక పుస్తకం చాలదు. నిద్రపోయి దిగాల్సిన ఊరు దాటి మాచర్లలో తేలడం, ఒక పెళ్లికి పిలిస్తే పక్క కళ్యాణమండపంలో ఇంకో పెళ్లి ఫోటోలు తీసి, భోంచేసి, తాంబూలం కూడా పుచ్చుకుని రావడం, ఇవన్నీ నా లెక్కలో చిల్లర పనులు. వాటన్నిటినీ వెనక్కి నెట్టేసిన ఘనకార్యం ఒకటుంది. అది ఇప్పటికీ మా గోడమీద దండ వేసుకుని కూర్చుంది. దాని సంగతే చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. మధ్యలో మీ నవ్వు ఆగిపోతే మాత్రం నా పూచీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నరసరావుపేటలో మాకో ఫోటో స్టూడియో ఉంది. నాన్న పెట్టింది. ఆయన వెనకాల స్టాండు మోసీ మోసీ, డిగ్రీ పూర్తయ్యేసరికి కెమెరా నా చేతికొచ్చింది. ఆడపిల్ల ఫోటోలు తీస్తుందని సీమంతాలకీ ఓణీల ఫంక్షన్లకీ నన్నే పిలిచేవాళ్లు. దాంతో నాకు కొంచెం తలకెక్కింది. కొంచెం అంటున్నానంటే మర్యాదకి అంటున్నాను.

మాకున్నది పాత డీఎస్‌ఎల్‌ఆర్. ఇటుకంత బరువు. నొక్కితే లోపల అద్దం లేచి పడి 'టక్' మనేది. పక్క కొట్లో వాళ్లకి కూడా వినపడేది. నాన్న పనితనమంతా ఆ చప్పుడులోనే ఉంది. మన జనం కెమెరా ముందు ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. పొట్ట లోపలికి లాగుతారు, గడ్డం పైకెత్తుతారు, ఊపిరి బిగబట్టి పోలీస్ స్టేషన్లో నిలబెట్టినట్టు నిలబడతారు. నాన్న ఎవర్నీ నవ్వమని అడిగేవాడు కాదు. 'టక్' మని ఒకటి కొట్టేవాడు. హమ్మయ్య, అయిపోయిందని వాళ్లు ఊపిరి వదిలి, భుజాలు జార్చి, పక్కవాళ్ల మొహాలు చూసి నవ్వుకునేవాళ్లు. అప్పుడు ఇంకోటి కొట్టేవాడు. ఆల్బంలోకి ఎక్కేది ఆ ఇంకోటే.

"మొదటి టక్కు వాళ్లకి. రెండోది మనకి" అనేవాడు నాతో.

అలాగని మా నాన్నని మహాజ్ఞాని అనుకునేరు. మెమరీ కార్డులు ఫ్రిజ్‌లో పెడితే ఫోటోల్లో రంగులు నిలుస్తాయని నమ్మిన మనిషి ఆయన. పెరుగ్గిన్నె వెనకనుంచి కార్డులు తీసి తీసి అమ్మకి విసుగొచ్చేది. అందుకే ఆయన చెప్పిన మంచిమాట కూడా నేను ఆ ఫ్రిజ్ లెక్కలోనే వేసేశాను.

కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాయి. పాతది ఉంచుకోవాలా, కొత్తది కొనాలా అని ఇంట్లో కొన్నాళ్లు యుద్ధం జరిగింది. చివరికి ఆయన్ని గుంటూరులో ఒక షాపుకి లాక్కెళ్లాను.

"దీంట్లో అద్దం లేదా? మరి బొమ్మ ఎట్టా కనపడిద్దయ్యా?" అన్నాడు నాన్న, కెమెరాని పుచ్చకాయ చూసినట్టు తట్టి చూస్తూ.

"స్క్రీన్ మీద కనపడుతుంది సార్. బరువు సగమే. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. చూడండి" అని సేల్స్ అతను పైనున్న మీటేదో తిప్పి, కెమెరా నావైపు పెట్టాడు.

"తియ్యి మరి" అన్నాడు నాన్న.

"తీశాను సార్. నాలుగైదు తీసేశాను."

"చప్పుడేదీ?"

"సైలెంట్ సార్. ఎదురుగా పక్షి ఉన్నా ఎగిరిపోదు."

"మేం పక్షుల్ని తియ్యం బాబూ. మనుషుల్ని తీస్తాం. తీశామని మనుషులకి తెలియాలి గదా."

షాపులో అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "నాన్నా, పరువు తియ్యబాక. చప్పుడు లేకపోవడమే దీని గొప్ప" అన్నాను.

"సరే, కొనుక్కో. పాతదాన్ని మాత్రం ఉంచుదామే. అదేం చేసింది నిన్ను?"

"అదుంటే నువ్వు దాన్నే పట్టుకుని కూర్చుంటావు" అని, పాతదాన్ని అక్కడికక్కడే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. నాన్న దాని మెడపట్టీ ఒక్కటీ విప్పుకుని, చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో ఇంటిదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. నేను కొత్త కెమెరా ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూసి మురుస్తూ వచ్చాను. డబ్బాలో ఒక మాన్యువల్ పుస్తకం కూడా ఉంది. పుట్టినప్పటినుంచీ కెమెరాల మధ్య పెరిగినదాన్ని, పుస్తకం చదివి నేర్చుకుంటానా? దాన్ని తీసుకెళ్లి ఊగుతున్న టేబుల్ కాలి కింద పెట్టాను. టేబుల్ ఊగడం ఆగింది. ఆ పుస్తకం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

కొత్త కెమెరాతో మొదటి బేరం నాదెండ్ల దగ్గర ఒక సీమంతం. గాజులేసుకుని కోడలు కుర్చీలో కూర్చుంది. చుట్టూ ముత్తైదువలు, వెనక మగవాళ్లు. ఇంటి పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందు నిలబడింది. నేను నొక్కాను. ఫ్లాష్ వెలగలేదు. ఎందుకు వెలగలేదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, ఇంత గొప్పదానికి ఫ్లాష్ కూడా అక్కర్లేదు కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"అయిందా అమ్మాయ్?" అంది పెద్దావిడ, పెదాలు కదలకుండా.

"అయింది పెద్దమ్మా."

"చప్పుడు రాలా, వెలుగూ రాలా. ఏందయింది?"

"దీనికి ఆ రెండూ అక్కర్లేదు."

ఒక్కరూ కదల్లేదు. ఊపిరి వదల్లేదు. వెనక వరసలో ఒకాయన మొహం ఎర్రబడుతోంది.

"తొందరగా తియ్యమ్మా, కడుపుతో ఉన్న పిల్ల, కాళ్లు తిమ్మిరెక్కుతున్నయ్ దానికి."

"తీశానండీ!"

"ఎప్పుడు?"

"ఇందాకే."

"ఇందాక మేం రెడీగా లేం గదమ్మా! మళ్లీ తియ్యి" అని అందరూ ఇంకాస్త గట్టిగా బిగుసుకున్నారు.

నేను తీస్తూనే ఉన్నాను, వాళ్లు ఎదురుచూస్తూనే ఉన్నారు. కెమెరా పాడైపోయిందట అనే వార్త వంటలదాకా పాకింది. వంటాయన గరిటె పట్టుకునే వచ్చి, "అమ్మా, నా ఫోన్లో తీసేదా?" అని జాలిగా అడిగాడు. అప్పుడు ఊపిరి వదిలారు అందరూ, ఆయన ఫోన్ 'కిచిక్' మన్నాక.

ఆల్బం ఇచ్చిన తర్వాత పెద్దావిడ స్టూడియోకొచ్చి దాన్ని కౌంటర్ మీద పడేసింది.

"ఏందమ్మా ఇదీ? మేం సీమంతం చేశామా, పెద్దకర్మ చేశామా? ఒక్క మొహంలోనన్నా కళుందా? కోడలు చూసుకుని ఒకటే ఏడుపు."

నాన్న పేజీలు తిప్పాడు. నవ్వబోయి, దగ్గొచ్చి ఆగిపోయాడు. "ఒక్కరన్నా ఊపిరి వదిల్తేగా" అన్నాడు నాతో.

"వాళ్లకి ఫోటో దిగడం రాదు" అన్నాను నేను. చూశారా నా పొగరు!

ఆ దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయని డాక్టర్ చెప్పాడు. నాన్న మందులు వేసుకుంటూ, స్టూడియోలో కూర్చుని, వచ్చినవాళ్లందర్నీ తిడుతూ కాలక్షేపం చేసేవాడు. ముఖ్యంగా ఆధార్ కార్డు పట్టుకొచ్చేవాళ్లని. మా ఊళ్లో ఎవరు పోయినా పెద్దకర్మకి ఫ్లెక్సీ వేస్తారు కదా. సరైన ఫోటో ఉండదు. ఆధార్ కార్డు తెచ్చి, "ఈ బొమ్మ పెద్దది చెయ్యండి" అంటారు. బతికినన్నాళ్లూ నవ్వుతూ తిరిగిన మనిషి ఫ్లెక్సీ మీద దొంగతనం ఒప్పుకున్నట్టు కనపడతాడు.

"నాక్కూడా ఆధార్ ఫోటో వేశారనుకో, లేచొచ్చి తంతా" అనేవాడు.

చిక్కేమిటంటే ఆయనకి వేరే ఫోటో లేదు. తనని తీసే మొనగాడు పుట్టలేదని, ఎవర్నీ తీయనిచ్చేవాడు కాదు. పెళ్లి ఫోటోల్లో కూడా, ఆ ఫోటోగ్రాఫర్‌కి ఎక్కడ నిలబడాలో చెప్పడానికి వెనక్కి తిరిగాడట. అమ్మ పక్కన ఆయన జుట్టు కనపడుతుంది.

ఒకరోజు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నాడు. పాత మెడపట్టీ మెడలో వేసుకున్నాడు, కెమెరా లేకుండా.

"ఇయ్యాల నన్ను తియ్యవే. మంచిదొకటి."

ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. భయమేసింది. అది కనపడకుండా నానా హడావుడి చేశాను. పక్కన బైకులు బాగుచేసే మస్తాన్ బాబాయ్‌ని కేకేసి, తెల్ల థర్మకోల్ అట్ట ఇచ్చి, వెలుగు మొహం మీద పడేలా పట్టుకోమన్నాను. అట్ట నిండా ఆయన గ్రీజు వేళ్లు పడ్డాయి.

"అన్నా, సినిమా హీరోలా ఉన్నావే!" అన్నాడు బాబాయ్.

నాన్న గడ్డం ఎత్తాడు. ఊపిరి బిగబట్టాడు. నొక్కాను.

"తీశావా?"

"తీశా నాన్నా."

"చప్పుడు రాలా."

"దీనికి రాదు. తెలుసుగా నీకు."

"తెలుసులే. అయినా ఏందో... ఊఁ, తియ్యి." మళ్లీ బిగబట్టాడు. దగ్గొచ్చింది. మంచినీళ్లు తాగాడు. మళ్లీ బిగబట్టాడు. "తీశావా?"

"తీశా!"

"ఎప్పుడే?"

ఇతరులకి వేల ఫోటోలు తీసిన మనిషి, ఊపిరి ఎప్పుడు వదలాలో తెలియక అల్లాడుతున్నాడు. నాకు జాలి వేయాల్సింది. కోపం వచ్చింది. "నువ్వు కావాలని చేస్తన్నావు నాన్నా. పాతది ఇచ్చేశానని కక్ష నీకు" అన్నాను.

ఆయన స్టూలు మీంచి మెల్లగా దిగాడు. "అలుపొచ్చిందే. ఆదివారం తీద్దాంలే. చప్పుడొచ్చేది ఎవర్నన్నా అడిగి పట్రా" అన్నాడు.

ఆదివారానికి గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పుడు నా పొగరు దిగింది. షాపుకి ఫోన్ చేసి, మా పాత కెమెరా తిరిగి ఇస్తారా అని బతిమాలాను. ధరణికోట నుంచి ఎవరో వచ్చి ఎప్పుడో కొనుక్కెళ్లారన్నారు. నాన్న మళ్లీ పేటకి రాలేదు. వచ్చాడు కానీ, అంబులెన్సులో.

ఫ్లెక్సీకి ఫోటో కావాలి. నేనూ అమ్మా ఆరోజు స్టూలు మీద తీసినవి తెరిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాం. కొన్ని దగ్గులో ఉన్నాయి. కొన్ని బిగబట్టి ఉన్నాయి, అచ్చం ఆధార్. మిగిలినవాటిలో నోరు సగం తెరిచి, కనుబొమ్మలెత్తి, 'తీశావా?' అంటున్నాడు.

"దీన్ని పెట్టు" అంది అమ్మ ఒకదాన్ని చూపించి.

"నోరు తెరిచి ఉన్నాడమ్మా."

"మూసింది ఎప్పుడు?" అంది. అని ఏడ్చింది.

అలా మా నాన్న 'తీశావా' అంటూ ఫ్లెక్సీకెక్కాడు. పెద్దకర్మకి వచ్చిన ప్రతివాళ్లూ ఫోటో ముందు ఆగి, "ఏదో అడుగుతున్నట్టున్నాడే!" అన్నారు. నేను విననట్టు అటూ ఇటూ తిరిగాను.

భోజనాలయ్యాక చిన్నాన్న వాళ్లూ అత్తవాళ్లూ, "అందరం కలిశాం గదా, ఆయన దగ్గర నిలబడి ఒక ఫోటో దిగుదాం" అన్నారు. కెమెరా తెచ్చాను. ఎవరో పూలమీద చల్లిన నీళ్లు దానిమీద పడ్డాయి. చున్నీతో గట్టిగా తుడిచాను. పైన మీటేదో తిరిగినట్టుంది, పట్టించుకోలేదు. అందరూ దండల ఫోటో చుట్టూ చేరి ఊపిరి బిగబట్టారు. నొక్కాను.

'టక్'.

షామియానాలో తలలన్నీ నావైపు తిరిగాయి.

"అమ్మా సుజాతా, ఇదేందీ! దీనికి చప్పుడుందా?" అన్నాడు మస్తాన్ బాబాయ్.

ఉంది. మొదటినుంచీ ఉంది. ఆరోజు షాపులో అతను మాకు చూపించడానికి సైలెంట్‌లో పెట్టాడు, నేను దాన్ని అలాగే తెచ్చుకుని, అదే దాని గొప్పనుకుని ఊరంతా ఊరేగించాను. ఫ్లాష్ వెలగనిది కూడా అందుకే. ఆ మీట వేలితో తిప్పితే తిరిగేది. టేబుల్ కాలికింద పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది, తర్వాత చూశాను. ఆ నిమిషంలో నామీద నాకు పుట్టిన అసహ్యం చెప్పలేను. కెమెరా నేలకేసి కొట్టి, అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

ఈలోగా అమ్మ ఫోటోవైపు తిరిగింది. "ఇదుగో, వచ్చిందయ్యా నీ చప్పుడు" అంది.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అత్త నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. మస్తాన్ బాబాయ్ కళ్లు తుడుచుకున్నాడు. నా వేలు, నన్ను అడక్కుండానే, రెండోది నొక్కింది. నా జన్మలో నేను తీసిన మంచి ఫోటో అదొక్కటే. అందులో అందరి మొహాలూ వాళ్లవే. నాన్న ఒక్కడే ఇంకా ఎదురుచూస్తున్నాడు.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సుజాత అనబడే నేను, ఇకమీదట ఏ వస్తువు కొన్నా, అది కెమెరా కానీ, మిక్సీ కానీ, చివరికి దోమల బ్యాట్ కానీ, దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదవనిదే చెయ్యి వేయనని, దాన్ని ఏ టేబుల్ కాలికిందా పెట్టనని, నాదెండ్ల పెద్దమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

నాన్న ఫోటో ఇప్పుడు స్టూడియోలో, కౌంటర్‌కి ఎదురుగా ఉంది. రోజూ కొట్టు షట్టర్ ఎత్తగానే కెమెరా ఆయనవైపు పెట్టి ఒకసారి 'టక్' మనిపించి, "తీశా నాన్నా" అంటాను. వాలకం చూస్తే ఆయన ఇంకా నమ్మినట్టు లేడు.